వదులుకున్నది ఎవరికి చేరింది?

1497 ఫిబ్రవరి 7. క్రైస్తవుల నలభై రోజుల ఉపవాస దీక్షకు ముందు రోజు. ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో, ప్రభుత్వ భవనం ముందున్న పెద్ద కూడలిలో, కొయ్యతో మెట్లు మెట్లుగా ఒక గోపురం కట్టి నిలబెట్టారు. అడుగు మెట్ల మీద పండుగ వేషాల ముసుగులు, పెట్టుడు గడ్డాలు. వాటి పైన కవుల పుస్తకాలు: పెట్రార్క్, బొకాచియో, పుల్చీ రాసినవి, రంగుల బొమ్మలు వేసిన తోలు ప్రతులతో సహా. ఆ పైన ఆడవాళ్ళ అద్దాలు, అత్తరు సీసాలు, మేలిముసుగులు, సవరాలు. ఇంకా పైన తంత్రీవాద్యాలు, చదరంగం బల్లలు, పేకముక్కలు. అన్నిటికన్నా ఎత్తున అందగత్తెల చిత్రపటాలు. ఒక వెనిస్ వర్తకుడు ఆ కుప్పంతా కొనుక్కుంటానని పెద్ద మొత్తమే ఇవ్వజూపాడట. జవాబుగా అతని బొమ్మే గీయించి కుప్ప మీద పెట్టారట. పాత కథనాలు అలా చెబుతాయి. తర్వాత నిప్పు పెట్టారు. బాకాలూ గంటలూ మోగాయి. జనం భక్తిగీతాలు పాడారు.

దీన్ని చరిత్రలో ఆడంబరాల దహనం అంటారు. దీని వెనక ఉన్నవాడు జిరోలమో సవొనరోలా, డొమినికన్ సంప్రదాయానికి చెందిన సన్యాసి. కళ మీద ప్రేమ ఉన్న ఎవరికైనా ఆ మంట తలచుకుంటే కడుపు రగులుతుంది. నాకూ రగులుతుంది. కానీ ఆ రోజు గంటల చప్పుడు విని కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళను తెలివితక్కువవాళ్ళని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. వాళ్ళు లెక్కలు బాగా తెలిసిన వర్తకులు, అక్షరజ్ఞానం ఉన్న చేతిపనివాళ్ళు, మంచి బొమ్మకూ చెడ్డ బొమ్మకూ తేడా చెప్పగలిగిన రసికులు. అలాంటివాళ్ళు తమ ఇళ్ళలోని అందాన్ని తామే మోసుకొచ్చి నిప్పులో ఎందుకు వేశారు?

సవొనరోలా ముందుగా తనకున్నది వదులుకుని వచ్చినవాడు. 1452లో ఫెరారాలో పుట్టాడు. తాత పేరు మోసిన వైద్యుడు, రాజాస్థానంలో కొలువు చేసినవాడు. మనవడికీ అదే దారి సిద్ధంగా ఉంది. 1475లో, ఇరవై రెండేళ్ళ వయసులో, ఇంట్లో చెప్పకుండా బొలోన్యా వెళ్ళి మఠంలో చేరిపోయాడు. లోకంలోని అన్యాయం చూస్తూ ఉండలేకపోయానని తండ్రికి ఉత్తరం రాశాడు. 1482లో ఫ్లారెన్స్ వస్తే అక్కడి జనానికి ఆయన మాటతీరు నచ్చలేదు. మొరటు యాస, మెరుగుల్లేని వాక్యం. మళ్ళీ ఊళ్ళు పట్టుకు తిరిగాడు. 1490లో ఆయన్ని తిరిగి పిలిపించినవాడు ఎవరంటే, నగరాన్ని తెర వెనక నుంచి ఏలుతున్న లొరెంజో దె మెడిచీ. పిలిపించమని కోరినవాడు ఆ కాలపు మహాపండితుడు పికో డెల్లా మిరాండోలా. ఆడంబరాన్ని తిట్టే గొంతును ఆడంబరమే ఇంటికి పిలుచుకుంది.

ఇందులో నాకు వింతేమీ కనిపించదు. ఆ నగరం సంపదకు తన మీద తనకే అనుమానం. వడ్డీ తీసుకోవడం పాపమని చర్చి చెప్పేది. ఫ్లారెన్స్ ఐశ్వర్యంలో చాలా భాగం బ్యాంకుల మీదే నిలిచింది. సవొనరోలా ఉన్న సాన్ మార్కో మఠం కథే చూడండి. లొరెంజో తాత కోసిమో తన సంపాదనలో కొంత న్యాయంగా వచ్చింది కాదేమోనని మథనపడితే, ఆ మఠం మీద పదివేల ఫ్లోరిన్లు ఖర్చు పెట్టి మనసు తేలిక చేసుకొమ్మని పోపు నాలుగో యూజీన్ సలహా ఇచ్చాడని, కోసిమోను ఎరిగిన పుస్తక వర్తకుడు వెస్పసియానో రాశాడు. చివరికి ఖర్చు అంతకు ఎన్నో రెట్లయింది. మికెలొజ్జో భవనం కట్టాడు. ఫ్రా ఆంజెలికో నలభైకి పైగా చిన్న గదుల గోడల మీద చిత్రాలు వేశాడు. ఇవాళ ఆ మఠం మ్యూజియం. ఆ గదుల్లో నిలబడితే నాకు మాట రాలేదు. సున్నపు గోడ, చిన్న కిటికీ, శిలువ పక్కన ఒక సన్యాసి. బంగారపు తళుకు దాదాపుగా లేదు. విలాసం డబ్బుతో పుట్టిన నిరాడంబరత అది. ఆ నడవాల్లో ఒకచోట కోసిమో ధ్యానానికి వాడుకున్న గది ఉంది, ఇంకొక కొసన సవొనరోలా గది ఉంది. మధ్యలో నడుస్తుంటే ఆ నగరం మనసులోని రెండు కొసలూ ఒకే కప్పు కింద ఉన్నాయని అర్థమయింది.

మన పెద్దలు పురాణ వైరాగ్యం అని ఒకటి చెప్పారు. పురాణం వింటున్నంతసేపూ లోకమంతా మిథ్య అనిపిస్తుంది, లేచి దుమ్ము దులుపుకోగానే ఆ భావం పోతుంది. సవొనరోలా గొప్పతనం ఏమిటంటే, ఆ వైరాగ్యాన్ని ఇంటిదాకా పంపగలిగాడు. కిక్కిరిసిన ప్రధాన దేవాలయంలో ఆయన గొంతు విన్న మైకలాంజెలో, ముసలితనంలో కూడా అది చెవిలో వినిపిస్తూనే ఉందన్నాడని అతని శిష్యుడు కొందీవి రాశాడు. పైగా చరిత్ర ఆ గొంతుకు సాక్ష్యం పలికింది. ఆల్ప్స్ దాటి దండు వస్తుందని ఆయన హెచ్చరించాడు. 1494లో ఫ్రాన్స్ రాజు ఎనిమిదో చార్లెస్ నిజంగానే సైన్యంతో దిగాడు. లొరెంజో కొడుకు పియెరో కోటలు అప్పగించి, నగరం ఛీకొడితే పారిపోయాడు. రాజుతో మాట్లాడటానికి వెళ్ళినవాళ్ళలో సవొనరోలా ఉన్నాడు. నగరం దోపిడీ నుంచి బయటపడింది. ఆ రోజు నుంచి ఆయన మాటే చాలామందికి వేదం.

ఆ మాటతో ఆయన ముందు చేసిన పనులు చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఒక కుటుంబం గుప్పిట్లో ఉన్న పరిపాలనను దాదాపు 3,000 మంది పౌరులు కూర్చునే మహాసభకు అప్పగించాలని పట్టుబట్టాడు. దానికోసం కట్టిన విశాలమైన హాలు నేటికీ ఆ భవనంలో ఉంది. రాజకీయ నేరం మోపి ఎవరికైనా మరణశిక్ష వేస్తే ఆ సభకు అప్పీలు చేసుకునే హక్కు ఉండాలన్నాడు. 1495లో అది చట్టమయింది. బీదవాళ్ళకు తాకట్టు మీద తక్కువ వడ్డీకి అప్పిచ్చే మాంటె డి పియెటా అనే ధర్మసంస్థను నిలబెట్టించాడు. దానితో పాటే యూదు వడ్డీ వ్యాపారులను నగరం విడిచి పొమ్మన్న ఆజ్ఞ కూడా వచ్చింది. ఆ మచ్చను దాచకూడదు. పురుషుల మధ్య శరీర సంబంధాలకు జరిమానాతో పోయే శిక్షలు ఆయన ఒత్తిడితోనే క్రూరంగా మారాయి. దయా కాఠిన్యమూ ఒకే నోటి నుంచి వచ్చాయి.

ఈ రోజులన్నిటికీ ఒక మామూలు సాక్షి ఉన్నాడు. లూకా లండూచి, మందుల దుకాణం నడుపుకునేవాడు. డైరీ రాసేవాడు. ఏ బొమ్మ ఎక్కడ పెట్టారు, గోధుమల ధర ఎంతుంది, ఏ సన్యాసి ఏమన్నాడు, అన్నీ అందులో ఉన్నాయి. సవొనరోలాను నమ్మినవాడు. ఉపవాస దీక్షకు ముందు వచ్చే పండుగ రోజుల్లో రాళ్ళు రువ్వుకుంటూ, వీధులకు అడ్డంగా కర్రలు పెట్టి దారిన పోయేవాళ్ళ దగ్గర డబ్బు గుంజే పిల్లలను సవొనరోలా అనుచరుడు ఫ్రా డొమెనికో ఒక దారిలో పెట్టాడు. 1496 పండుగకు అదే పిల్లలు వీధి మూలల్లో చిన్న పీఠాలు పెట్టి, వచ్చేపోయేవాళ్ళ దగ్గర బీదలకోసం చందా అడిగారు. ఆ డబ్బు చేరింది మామూలు బిచ్చగాళ్ళకు కూడా కాదు. ఒకప్పుడు బతికి చెడి, చెయ్యి చాచడానికి సిగ్గుపడి ఇంట్లోనే పస్తులుండే కుటుంబాలకు. ఆ దండులో తన కొడుకులు కూడా ఉన్నారని లండూచి ఆనందంతో రాసుకున్నాడు. ఏ తండ్రి పొంగిపోడు?

మరుసటి సంవత్సరం ఆ పిల్లలే తలుపులు తట్టి అద్దాలు, సవరాలు, పుస్తకాలు అడిగారు. అవి కూడలిలో గోపురమయ్యాయి.

ఈ రెండు పండుగల మధ్య గడిచింది ఒక్క ఏడాది. నేను ఎక్కువగా ఆలోచించేది ఈ ఏడాది గురించే. పిల్లలు వాళ్ళే, పాటలు అవే, పిల్లల్ని పంపిన గురువు వాడే. భక్తిలో తేడా లేదు. చూపు మారింది. మొదటి ఏడాది వాళ్ళ చూపు ఆకలిగా ఉన్న ఇంటి వైపు ఉంది. రెండో ఏడాది నిండుగా ఉన్న ఇంట్లోని వస్తువు వైపు తిరిగింది. బీదవాడికి దానం సేకరించడం ఆపేయకపోయి ఉండవచ్చు, కానీ నగరమంతా కదిలివచ్చి చూసిన ఉత్సవం మాత్రం మంటది. 1497 ఫ్లారెన్స్‌లో తిండికి కరువు. ఆ వర్తకుడు ఇస్తానన్న డబ్బు నిజంగా తీసుకుని ఉంటే ఎన్ని పొయ్యిలు వెలిగేవో! వద్దన్నారు. వస్తువు పాపమైతే దాన్ని అమ్మినా పాపమే కదా అన్నది వాళ్ళ తర్కం. తర్కంలో తప్పులేదు. కానీ ఆ తర్కంలో ఆకలికి చోటులేదు.

ఇంకొకటి. ఆ మెట్ల మీద ఏం ఉన్నాయో మళ్ళీ చూడండి. మోసుకుపోగలిగినవే ఉన్నాయి. ముఖ్యంగా ఆడవాళ్ళ వస్తువులు. ఆ నగరంలో ఆడపిల్ల పెళ్ళి చెయ్యాలంటే కట్నం ఎంత భారమంటే, తండ్రులు బిడ్డ చిన్నతనంలోనే డబ్బు వేసుకునేందుకు 1425లో ప్రభుత్వమే ఒక కట్నాల నిధి పెట్టింది. కట్నం కూడని ఇళ్ళ ఆడపిల్లల్లో ఎంతోమంది కన్యామఠాలకు వెళ్ళారు. పెళ్ళైన పిల్లకు తనదని చెప్పుకోవడానికి మిగిలేవి ఓ అద్దం, ఓ పెట్టె, నాలుగు నగలు. ఆడంబరం మీద కోపం వచ్చిన ప్రతిసారీ చట్టాలు ముందు ఆమె చేతి గుండీలను, చీలమండ దాటిన బట్ట పొడుగును కొలిచేవి. పిల్లలు తలుపు తట్టినప్పుడు ఇచ్చుకోవడానికి ముందుకొచ్చినవీ అవే. మరోవైపు లండూచి దుకాణం ఎదుటే స్ట్రోజీ కుటుంబం 1489 నుంచి ఒక భవంతి కట్టిస్తోంది. ఆ రాళ్ళ బండ్లతో, దుమ్ముతో తమకు ఎంత ఇబ్బందో లండూచి డైరీలో చెప్పుకున్నాడు కూడా. సవొనరోలా ఉన్నన్నాళ్ళూ ఆ పని ఆగలేదు. ఆయన పోయాక కూడా దశాబ్దాలు సాగింది. అద్దాన్ని మంటకు మోసుకు వెళ్ళవచ్చు, భవంతిని ఎవరు మోస్తారు? వడ్డీ లెక్కల పుస్తకాలు ఏ మెట్టు మీదా లేవు. దొనతెల్లో పోతపోసిన దావీదు విగ్రహం, నగ్నంగా, మెడిచీల ఇంటి నుంచి 1495లో ప్రభుత్వ భవనానికే తరలివచ్చి, మంటకు కూతవేటు దూరంలో క్షేమంగా ఉంది. ఆవేశం బలమైనదే, కానీ అది కూడా ఎవరి మీద చెయ్యి వేయగలదో చూసుకునే వేసింది.

మనస్ఫూర్తిగా ఇచ్చినవాళ్ళు లేరని కాదు. బాచో అనే యువ చిత్రకారుడు తాను గీసిన నగ్న రూపాల అధ్యయనాలను తానే తెచ్చి మంటలో వేశాడని, కళాకారుల జీవితచరిత్రలు రాసిన వసారి చెప్పాడు. 1500లో అతను సన్యాసం పుచ్చుకుని ఫ్రా బార్తొలోమియో అయ్యాడు. ముక్కు కొసదేరిన సవొనరోలా ముఖాన్ని మనం ఇవాళ గుర్తుపట్టగలుగుతున్నామంటే అతను వేసిన చిత్రం వల్లే. అతని త్యాగాన్ని ప్రశ్నించే హక్కు నాకు లేదు. తన చేత్తో చేసినది, తన చేత్తో వేశాడు. కానీ పక్కింటివాళ్ళు ఇచ్చారు కాబట్టి, పిల్లలు గుమ్మంలో నిలబడ్డారు కాబట్టి, ఇవ్వకపోతే పేరు పోతుంది కాబట్టి ఇచ్చినవాళ్ళ సంగతి? భయంతో ఇచ్చినదాన్ని పుణ్యంలో రాసుకోకూడదు, దాన్ని పన్ను అనాలి.

పన్ను వసూలు మొదలయ్యాక న్యాయం వెనకబడుతుంది. 1497 ఆగస్టులో మెడిచీలను తిరిగి తెచ్చే కుట్రలో ఉన్నారని ఐదుగురు ప్రముఖులకు మరణశిక్ష వేశారు. అందులో బెర్నార్డో దెల్ నెరో డెబ్భై దాటిన వృద్ధుడు. ఐదుగురూ మహాసభకు అప్పీలు అడిగారు. ఆ హక్కు సవొనరోలా పోరి తెచ్చినదే. ఆయన పక్షం వాళ్ళే దాన్ని కాదన్నారు. ఆయన అడ్డుపడలేదు. ఆ మౌనమే ఆయన పేరుకు ఎంత చేటు చేసిందో ఫ్లారెన్స్ రాజనీతి రచయిత మాకియవెల్లి తర్వాత ఎత్తి చూపాడు. అద్దాలు కాలిన రోజున కాదు, ఈ మౌనం దగ్గరే నా మనసు ఆయన్నుంచి పూర్తిగా విడిపోతుంది. పాపాన్ని కాల్చడానికి అంత గొంతు ఎత్తినవాడికి, తానే ఇచ్చిన హక్కును కాపాడటానికి గొంతు రాలేదు.

ఆ తర్వాత పతనం వేగంగా వచ్చింది. అంతకుముందే, 1497 మే నెలలో, పోపు ఆరో అలెగ్జాండర్ ఆయన్ని చర్చి నుంచి వెలివేశాడు. ఆ పోపు విలాసాలు లోకానికి తెలిసినవే, ఆయన్ని ఎదిరించడానికి సవొనరోలా చూపిన ధైర్యం కూడా నిజమైనదే. 1498 ఏప్రిల్ 7న నిప్పుల మధ్య నడిచి సత్యం రుజువు చేసే పరీక్ష పెట్టారు. ఎవరు ముందు, ఏ బట్టలతో, చేతిలో ఏది పట్టుకుని అని ఆయన పక్షమూ ప్రత్యర్థులూ వాదించుకుంటూ ఉండగానే వాన పడి పరీక్ష రద్దయింది. అద్భుతం చూడాలని వచ్చిన జనం మర్నాడే సాన్ మార్కో మీద పడ్డారు. ఆయన్ని బంధించి, చిత్రహింసలు పెట్టి, తాను ప్రవక్తను కానని ఒప్పించారు. ఆ ఒప్పుకోలు చదువుతున్నప్పుడు లండూచి అక్కడే ఉన్నాడు. నమ్మిన కట్టడమంతా ఒక్క అబద్ధం మీద నిలిచిందా అని గుండె పగిలినట్టు రాసుకున్నాడు. మే 23న అదే కూడలిలో సవొనరోలాను, ఫ్రా డొమెనికోను, ఫ్రా సిల్వెస్ట్రోను ఉరితీసి కాల్చి, బూడిద ఆర్నో నదిలో కలిపారు. సాన్ మార్కో గంటకు కూడా శిక్ష వేసి నగరం బయటికి పంపారు.

ఆయుధం లేని ప్రవక్త కాబట్టే కూలిపోయాడని మాకియవెల్లి తీర్పు చెప్పాడు. నాకది సగమే నిజమనిపిస్తుంది. ఆయన చేతిలో ఒక ఆయుధం ఉంది: పొరుగువాడి గుమ్మంలో నిలబడ్డ పిల్లవాడు. అది కత్తికన్నా మెత్తగా లోపలికి దిగుతుంది. జనం ఆయన్ని వదిలేసిన వేగంలో ఆ లోతైన గాయం నాకు కనిపిస్తుంది.

మా నాయనమ్మ గురించి ఒక్క మాట చెప్పాలి. తాతయ్య పోయాక ఆవిడ బంగారు గాజులు తీసేసింది, మళ్ళీ వేసుకోలేదు. అవి ఏమయ్యాయో ఇంట్లో ఎవరూ అడగలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత, పొలంలో పనిచేసే ఒకావిడ కూతురి పెళ్ళికి అవి వెళ్ళాయని ఆ పెళ్ళికూతురే చెబితే తెలిసింది. నాయనమ్మ వైరాగ్యం ఉపన్యాసాల్లో వినలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. ఇంట్లో మిగతా ఆడవాళ్ళ చేతుల వైపు చూసి ఒక్కరినీ గాజులు తీయమనలేదు. సవొనరోలా 1496లో పిల్లలకు నేర్పినది ఈ వైరాగ్యమే. దాన్ని ఆయన అక్కడే ఆపి ఉంటే ఎంత బాగుండేది!

నిజానికి ఆ మంచిలో కొంత నిలిచింది కూడా. ఆయన నిలబెట్టించిన తాకట్టు సంస్థ ఆయన తర్వాత శతాబ్దాల పాటు నడిచింది. మెడిచీలు వెళ్ళగొట్టబడ్డాక వాళ్ళ గొప్ప గ్రంథాలయం చెల్లాచెదురైపోకుండా కొని కాపాడినది ఆయన మఠమే. ఒక చేత్తో పుస్తకాలు కాల్పించినవాడి హయాంలోనే ఇంకో చేత్తో గ్రీకు, లాటిన్ రాతప్రతులు భద్రమయ్యాయి. ఆయన్ని చంపిన చోట రాతి పలక ఉంది, ఏటా మే 23న దాని మీద పూలు చల్లుతారు. ఆ పూలు చల్లేవాళ్ళను నేను అర్థం చేసుకోగలను. కళాచరిత్రకారుల కోపాన్నీ అర్థం చేసుకోగలను. ఒకే మనిషి రెండు పనులూ చేశాడు, రెండూ దేవుడి పేరుతోనే చేశాడు, రెండు వేళలా ఆయన హృదయం శుద్ధంగానే ఉంది. అందుకే హృదయశుద్ధిని కొలబద్దగా పెట్టుకోవడం నాకు సరిపోదనిపిస్తుంది.

నాకు ఆడంబరం మీద ప్రేమ లేదు. ఉన్నవాడి పెళ్ళి పందిరికీ లేనివాడి పస్తుకీ మధ్య ఉన్న దూరం చూసి ఎవరికైనా మండితే, ఆ మంటను గౌరవిస్తాను. అలా మండకపోతేనే మనిషిలో ఏదో లోపం ఉన్నట్టు. కానీ ఆడంబరం వద్దని నిలబడ్డ ప్రతివారినీ, మతం పేర నిలబడినా మరో ఆశయం పేర నిలబడినా, రెండు ప్రశ్నలు అడగాలి. ముందు ఎవరి తలుపు తట్టావు: అద్దం ఉన్న ఆడపిల్లదా, భవంతి కడుతున్న దొరదా? వచ్చినదాన్ని ఎవరి చేతిలో పెట్టావు? 1496లో సవొనరోలా పిల్లలు రెండో ప్రశ్నకు తలెత్తుకుని జవాబు చెప్పగలిగారు. 1497లో చెప్పలేకపోయారు. వాళ్ళ పాపం లేదు, వాళ్ళు పిల్లలు. జవాబు చెప్పవలసినవాళ్ళు వాళ్ళను పంపిన పెద్దలు, ఆ పెద్దల మాటకు తల ఊపి సంతోషంతో డైరీలు రాసుకున్న మనలాంటి మంచివాళ్ళు.